పసుపు నీళ్లు, 'బీడీఎల్' నివేదిక: ఒక క్రోమియం స్థలంలో మూడేళ్ల భూగర్భజల పరిశీలన

ఆగస్టు మూడో వారంలో ల్యాబు నుంచి వచ్చిన నివేదికలో 4వ నంబరు బోరుకు ఎదురుగా రెండు అంకెలు ఉన్నాయి. మొత్తం క్రోమియం లీటరుకు 1.6 మిల్లీగ్రాములు. హెక్సావేలెంట్ క్రోమియం, అంటే ఆ లోహపు విష రూపమైన క్రోమియం-6, 'బీడీఎల్'. పరికరానికి దొరకనంత తక్కువ అని అర్థం. స్థలం యజమాని ఆ కాగితం చూసి వెంటనే ఫోను చేశారు. "విషం పోయినట్టే కదా సార్? కాలుష్య నియంత్రణ బోర్డుకు పంపించేద్దామా?" అన్నారు. మట్టి శుద్ధి మొదలై అప్పటికి నాలుగు నెలలే. ఆయన సంతోషం అర్థం చేసుకోదగ్గదే.

నాకు మాత్రం ఆ రోజు తెల్ల బకెట్టులో పట్టిన నీళ్లు గుర్తున్నాయి. పలచటి నిమ్మరసం రంగులో ఉన్నాయి. ఆ స్థలంలో నీళ్లకు ఆ రంగు తెచ్చేది క్రోమియం-6. కంటికి కనిపించినదాన్ని పక్కన పెట్టినా, నివేదికలోని రెండు అంకెలకే ఒకదానితో ఒకటి పొసగదు. ఆరు లేకుండా మొత్తం క్రోమియం 1.6 ఉందంటే, అదంతా అంత విషం కాని రూపం, క్రోమియం-3 అయి ఉండాలి. ఆ బోరు నీళ్ల పీహెచ్ 7.2. అంత పీహెచ్ దగ్గర క్రోమియం-3 హైడ్రాక్సైడుగా మారి అడుగున పడిపోతుందే తప్ప, వడకట్టిన నీళ్లలో ఆ మోతాదులో కరిగి ఉండదు. అంటే భూమిలో ఉన్నది ఒకటి, సీసాలోకి వెళ్లాక అయినది మరొకటి.

సీసాల లెక్క తీస్తే విషయం బయటపడింది. లోహాల పరీక్షకు వెళ్లే సీసాలో నైట్రిక్ ఆమ్లం వేసి పీహెచ్ 2 కంటే కిందికి దించుతాం, లోహాలు గోడలకు అంటుకోకుండా. క్రోమియం-6 సీసాలో ఆమ్లం వేయకూడదు. ఆమ్లంలో అది చేతికందిన సేంద్రియ పదార్థంతోనో, మట్టి రేణువుల్లోంచి కరిగిన ఇనుముతోనో చర్య జరిపి మూడుగా మారిపోతుంది. ఆ రోజు మా కుర్రాడు రెండు పరీక్షల సీసాల్లోనూ ఆమ్లం వేశాడు. పైగా క్రోమియం-6 నమూనాను వడకట్టలేదు. మధ్యలో సెలవులు రావడంతో పెట్టె నాలుగో రోజుకు గానీ ల్యాబుకు చేరలేదు. తప్పు కుర్రాడిది కాదు. రెండు సీసాలూ ఒకే రకంవి, ఒకే రంగు మూతలతో ఇచ్చింది నేను. ఆ వారమే ఆమ్లం సీసాల మూతలకు ఎర్ర రంగు, మిగతావాటికి ఆకుపచ్చ రంగు పూయించాను. ఇరవై రూపాయల రంగు డబ్బాతో ముందే తీరిపోవాల్సిన సమస్య అది.

స్థలం గురించి

హైదరాబాదు శివార్లలోని ఒక పారిశ్రామిక వాడలో మూతపడిన క్రోమ్ ప్లేటింగ్ షెడ్డు అది. ఒప్పందం ప్రకారం పేరు, ఊరు రాయలేను. ఏళ్ల తరబడి ప్లేటింగ్ తొట్టెల కింద గచ్చు పగుళ్ల గుండా క్రోమిక్ ఆమ్లం ఇంకిపోయింది. షెడ్డు కూల్చి గచ్చు లేపినప్పుడు కింద ఎర్రమట్టి పచ్చ కలిసిన పసుపు రంగులో తేలింది. గోడల మొదళ్లలో పసుపు పొడి పూతలా పేరుకుంది.

క్రోమియం-6 ఊరికే పోయే రకం కాదు. తమిళనాడులోని రాణిపేటలో క్రోమేట్ ఫ్యాక్టరీ 1995లో మూతపడింది. అది వదిలిన రెండు లక్షల టన్నులకు పైగా వ్యర్థం దశాబ్దాలు గడిచాక కూడా అక్కడి భూగర్భజలాన్ని వదలలేదు. మా స్థలం దాని ముందు చిన్న ముక్క. తవ్విన మట్టి సుమారు 2,200 ఘనపు మీటర్లు. శుద్ధి పద్ధతి కూడా పాతదే. మట్టిని పొరపరిచిన ప్లాట్‌ఫారం మీదికి తెచ్చి, ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణంతో పొక్లెయిన్ బకెట్టుతో కలిపి, వారం రోజులు మగ్గనిచ్చి, నీటిలోకి ఎంత దిగుతోందో పరీక్షించి, పాసయితేనే గుంటలో తిరిగి పోయాలి. ఒక్కో క్రోమియం-6 పరమాణువును మూడుగా మార్చడానికి మూడు ఫెర్రస్ ఇనుము పరమాణువులు ఖర్చవుతాయి. అది కాగితం మీది లెక్క. గాలి, మట్టి కూడా ఇనుమును తినేస్తాయి కాబట్టి ప్లాట్‌ఫారం మీద దానికి కొన్ని రెట్లు వేయాల్సి వచ్చింది. ఆ అదనపు మోతాదు తర్వాత ఏం చేసిందో కింద చెబుతాను.

మట్టి పని వేరే బృందానిది. నా పని నీళ్లు. శుద్ధికి ముందు ఎలా ఉన్నాయి, శుద్ధి జరుగుతుండగా ఏమవుతోంది, అయ్యాక నిజంగా తగ్గిందా, కాంపౌండు దాటి ఎవరి బోరులోకైనా వెళ్తోందా: ఈ నాలుగు ప్రశ్నలకు ఆరు బోర్లతో జవాబు చెప్పాలి. భూమి వాలు తూర్పున ఉన్న చెరువు వైపు. పడమర గోడ పక్కన 1వ నంబరు, అంటే కాలుష్యానికి ఎగువన, పోల్చుకోవడానికి. పాత తొట్టెల గుంట పక్కన 2. ప్లాట్‌ఫారం దిగువన 3. తూర్పు గోడ దగ్గర పక్కపక్కనే 4, 5. నాలుగు 14 మీటర్ల లోతున మొరంలో ఆగుతుంది. ఐదు 38 మీటర్ల దాకా వెళ్లి రాతి పగుళ్లలో నీళ్లు పడుతుంది. గోడ బయట రోడ్డు పక్కన 6.

ఒక బోరు చేసిన చెరుపు

ఇక్కడ రాయి గ్రానైటు. పైన ఎర్రమట్టి, దాని కింద పది పదిహేను మీటర్ల మొరం, ఆ తర్వాత గట్టి రాయి, అందులో అక్కడక్కడా పగుళ్లు. రిగ్గు వాళ్లు ఆ పగుళ్లను 'గ్యాప్' అంటారు. సుత్తి ఒక్కసారిగా జారితే "గ్యాప్ తగిలింది సార్" అని కేకేస్తారు. ఇంటి బోరుకైతే అది శుభవార్త. కేసింగు పైపును గట్టి రాయి తగిలేదాకా దించి వదిలేస్తారు. పైపు బయట, గోడకీ పైపుకీ మధ్య ఉన్న సందును ఎవరూ పట్టించుకోరు.

మేం కూడా 5వ నంబరును మొదట అలాగే వేయనిచ్చాం. మార్చిలో తొలి నమూనాల్లో లోతు బోరులో కూడా క్రోమియం-6 లీటరుకు 1.9 మి.గ్రా. వచ్చింది. కాలుష్యం రాతి పగుళ్లలోకి దిగిపోయిందనుకుని మట్టి బృందం బెంబేలెత్తింది. పగుళ్లలోకి దిగితే ఖర్చు ఎన్నో రెట్లు పెరుగుతుంది మరి.

నాకు అనుమానం కలిగించింది క్రోమియం అంకె కాదు, నీటిమట్టం. 4, 5 బోర్లలో మట్టం సెంటీమీటరు తేడా లేకుండా ఒకేలా ఉంది. మొరంలోని నీళ్లకూ పగుళ్లలోని నీళ్లకూ మధ్య అంత ఏకీభావం అరుదు. రెండు మూడు సార్లు కొలిచాం. అదే. అప్పుడు 5లోంచి నీళ్లు తోడుతూ 4లో మట్టం చూశాం. 4లో వెంటనే దిగడం మొదలైంది. పైపు బయటి సందు గుండా పై పొర నీళ్లు కిందికి కారుతున్నాయి. అంటే లోతులో కాలుష్యం ఉందో లేదో చూడటానికి వేసిన బోరే దాన్ని లోతుకు దించుతోంది!

ఆ బోరును సిమెంటు ముద్దతో కింది నుంచి పైదాకా పూడ్చేశాం. మూడు మీటర్ల అవతల కొత్తది వేశాం. ఈసారి పెద్ద వ్యాసంతో గట్టి రాతిలోకి రెండు మీటర్లు తవ్వి, పైపు దించి, సందంతా బెంటొనైటు అనే ఉబ్బే బంకమట్టితో, సిమెంటుతో బిగించి, అది గట్టిపడ్డాకే చిన్న సుత్తితో లోపలికి వెళ్లాం. రిగ్గు యజమాని నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు. కొత్త 5లో నీటిమట్టం 4 కంటే 1.4 మీటర్లు కింద నిలిచింది. క్రోమియం-6 రెండు నెలల్లో 0.3కు దిగింది. ఆ మిగిలిన 0.3లో పాత బోరు మోసిన పాపం ఎంతో, నిజంగా దిగినది ఎంతో విడదీసి చెప్పలేను. నివేదికలో కూడా అలాగే రాశాను.

నీళ్లు పట్టే తీరు

బెయిలరు, అంటే తాడుతో దించే గొట్టం, వేసి గబగబా నాలుగు సార్లు తోడి సీసా నింపేస్తే అడుగు మట్టి కలిసి వస్తుంది. ఆమ్లం పడగానే ఆ మట్టిలోని ఇనుము, మాంగనీస్, క్రోమియం కరిగి నీళ్ల లెక్కలోకి చేరతాయి. అందుకే చిన్న పంపుతో నిమిషానికి పావు లీటరు మించకుండా తోడాం. మట్టం 10 సెంటీమీటర్లకు మించి దిగితే వేగం ఇంకా తగ్గించడమే. వచ్చే నీళ్లను మూసిన పాత్ర గుండా పంపుతూ ఐదేసి నిమిషాలకు పీహెచ్, వాహకత, కరిగిన ఆక్సిజన్ చూశాం. వరుసగా మూడు సార్లు పీహెచ్ 0.1 లోపు, వాహకత మూడు శాతం లోపు, ఆక్సిజన్ పది శాతం లోపు నిలకడగా ఉంటేనే సీసా తెరిచేది. 2వ నంబరు దగ్గర దానికి ఒక్కోసారి గంటన్నర పట్టేది. ఎండలో గొడుగు కింద కూర్చుని అంకెలు రాసుకోవడం తప్ప చేసేదేమీ లేదు.

క్రోమియం-6 నమూనాను అక్కడికక్కడే 0.45 మైక్రాన్ల జల్లెడ గుండా వడకట్టి, ఆమ్లం లేకుండా, ఐస్ పెట్టెలో పెట్టి, 24 గంటల్లోపు ల్యాబుకు చేర్చాం. ఆగస్టు దెబ్బ తర్వాత ఇంకో అలవాటు చేసుకున్నాం. ప్రతి బోరు దగ్గరా డైఫినైల్ కార్బజైడు పొడితో అక్కడే పరీక్ష. గాజు గొట్టంలో పొడి వేసి ఊపితే క్రోమియం-6 ఉన్న నీళ్లు ఊదా రంగులోకి తిరుగుతాయి. 2వ నంబరు నీళ్లను పదిహేను రెట్లు పలచన చేస్తే గానీ రంగు కొలిచేందుకు వీలు కాలేదు. ఇది ల్యాబుకు ప్రత్యామ్నాయం కాదు. కానీ ల్యాబు 'బీడీఎల్' అన్న బోరు దగ్గర గొట్టం ఊదాగా మారి ఉంటే, ఎక్కడో తప్పు జరిగిందని ఆ రాత్రే తెలుస్తుంది, నెల తర్వాత కాదు.

సగమైంది, నిజమే. కానీ వానకు

సెప్టెంబరులో సరైన పద్ధతిలో మళ్లీ పట్టాం. 4వ నంబరులో క్రోమియం-6 లీటరుకు 1.3 మి.గ్రా. జూన్‌లో అదే బోరులో 2.6. ఈసారి సీసాల్లో లోపం లేదు, క్షేత్ర పరీక్షా సరిపోలింది. సగానికి సగం తగ్గింది. మట్టి బృందం వాళ్లు స్లైడు కూడా తయారు చేసుకున్నారు.

నేను పక్క గడి చూశాను. క్లోరైడు జూన్‌లో 310, సెప్టెంబరులో 160. అదీ సగమే! ఫెర్రస్ సల్ఫేట్ క్లోరైడును ఏమీ చేయదు. పాత షెడ్డులో తుప్పు వదిలించడానికి వాడిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం వల్ల క్రోమియంతో పాటే అక్కడ క్లోరైడు కూడా దిగింది. రెండూ ఒకే పాళ్లలో తగ్గాయంటే, వాటిని తగ్గించినది శుద్ధి కాదు, ఆ ఏడాది బాగా పడ్డ వాన. గ్లాసుడు మజ్జిగలో గ్లాసుడు నీళ్లు పోస్తే పలచనవుతుంది, మజ్జిగ ఎక్కడికీ పోదు.

సమావేశంలో ఇది చెప్పినప్పుడు గదిలో గాలి ఆగినట్టయింది. "మీరు మా పక్షమా, బోర్డు పక్షమా?" అని ఒకరు నవ్వుతూనే అడిగారు. నేను క్రోమియంను క్లోరైడుతో భాగించి వచ్చిన నిష్పత్తిని గీసి చూపించాను. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గీత దాదాపు సమతలంగా ఉంది. ఇకపై ఈ గీత కిందికి వంగితేనే తగ్గిందని రాస్తానని చెప్పాను.

మరుసటి జూన్‌లో అది వంగింది. ఎండాకాలం చివర నీళ్లు మళ్లీ చిక్కబడి క్లోరైడు 290కి ఎక్కింది, క్రోమియం-6 మాత్రం 0.9 దగ్గరే ఆగింది. అంటే ఏడాదిలో నిష్పత్తి మూడో వంతుకు అటూ ఇటూగా పడిపోయింది. ఈ ఉద్యోగంలో నాకు బాగా నచ్చిన గీత అదే.

మందు చేసిన మచ్చ

ప్లాట్‌ఫారం దిగువన ఉన్న 3వ నంబరులో కథ వేరు. అక్కడ క్రోమియం మొదటి నుంచీ తక్కువే. మొదటి అక్టోబరులో సల్ఫేటు 90 నుంచి 640కి ఎగబాకింది. తాగునీటికి మన ప్రమాణం 200, వేరే వనరు లేకపోతే 400 దాకా. పీహెచ్ 7 నుంచి 5.9కి పడింది. ఇనుము, మాంగనీస్ పెరిగాయి. ఫెర్రస్ సల్ఫేట్ గాలి తగిలి తుప్పుగా మారేటప్పుడు ఆమ్లాన్ని వదులుతుంది. వాన రాత్రి ప్లాట్‌ఫారం గుంట పొంగి, కట్ట దాటి, ఆ ఆమ్లపు నీళ్లు భూమిలోకి దిగాయని సల్ఫేటు ముందే చెప్పేసింది. గుంట చుట్టూ మట్టి మీద తుప్పు రంగు చారిక కూడా కనిపించింది, చూసే ఓపిక ఉంటే. గుంటను రెట్టింపు చేయించి, వాన రోజుల్లో కుప్పలకు టార్పాలిన్ కప్పించి, కలిపేటప్పుడు సున్నం చేర్పించాం. మరుసటి వేసవికి సల్ఫేటు 260కి దిగింది.

తొట్టెల గుంట కింద, నీటిమట్టానికి దిగువన మొరం రంధ్రాల్లో ఇరుక్కున్న క్రోమియంను తవ్వి తీయలేం. రెండో ఏడాది అక్కడ మూడు చిన్న బోర్ల గుండా మొలాసిస్ నీళ్లు పంపాం. బెల్లం మడ్డి తిని సూక్ష్మజీవులు పెరిగి ఆక్సిజన్‌ను ఖాళీ చేస్తాయి, ఆ వాతావరణంలో క్రోమియం-6 మూడుగా మారి మట్టికి అంటుకుంటుంది. కాలిఫోర్నియాలోని హింక్లీలో, 1952 నుంచి 1966 దాకా క్రోమియం నీళ్లు వదిలిన గ్యాస్ కంప్రెసర్ స్టేషను దగ్గర, ఇదే పని ఇథనాల్‌తో చేశారు. అక్కడ ఉప ఫలితంగా మాంగనీస్, ఆర్సెనిక్ నీళ్లలోకి రావడం పెద్ద చర్చ అయింది. ఆ కథ తెలుసు కాబట్టి మేం మొదటి రోజు నుంచే ఆ రెండింటినీ జాబితాలో చేర్చాం. 2వ నంబరులో క్రోమియం-6 41 నుంచి ఎనిమిది నెలల్లో 1.2కి వచ్చింది. మాంగనీస్ 1.8కి ఎక్కింది, ప్రమాణం 0.1, గరిష్ఠంగా 0.3. ఆర్సెనిక్ కదల్లేదు. మాంగనీస్ తూర్పుకు వెళ్లే కొద్దీ, ఆక్సిజన్ ఉన్న నీళ్లు తగిలి తగ్గింది. 4వ నంబరులో 0.2 దాటలేదు. బోర్డుకు ఇచ్చిన నివేదికలో క్రోమియం పట్టిక పక్కనే మాంగనీస్ పట్టికా పెట్టాను. ఒకటి లేకుండా రెండోది అర్ధసత్యం.

ఎగువ ఎండాకాలంలో దిగువైంది

రెండో ఏడాది మే నెలలో, పోల్చుకోవడానికి పెట్టుకున్న 1వ నంబరులో క్రోమియం-6 0.08 వచ్చింది. మొత్తం క్రోమియానికి తాగునీటి ప్రమాణం 0.05, అందులో సడలింపు లేదు. మొదట నా చేతి మీదే నాకు అనుమానం. పంపు సరిగా కడగలేదేమో అనుకున్నాను. స్వేదన జలంతో పంపిన ఖాళీ నమూనా శుభ్రంగా ఉంది. మళ్లీ పట్టాను. 0.07.

బోరులో వేలాడదీసిన మట్టం కొలిచే లాగరును తీసి కంప్యూటర్‌లో చూస్తే గీత రంపపు పళ్లలా ఉంది. రాత్రి పదిన్నర నుంచి తెల్లవారుజాము నాలుగు దాకా మట్టం దిగడం, పగలు కాస్త కోలుకోవడం. రోజూ అంతే. గేటు దగ్గర వాచ్‌మన్‌ను అడిగాను. "రాత్రి ట్యాంకర్లు తిరుగుతాయి సార్, పడమటి వైపు ప్లాటులో బోరు ఉంది, ఒకటి నిండగానే ఇంకొకటి" అన్నాడు. మూడు వందల మీటర్ల అవతల. ఆరు బోర్ల మట్టాలతో పటం గీస్తే, చెరువు వైపు వెళ్లాల్సిన నీళ్లు మే నెలలో వెనక్కి తిరిగి పడమటికి నడుస్తున్నాయి. నేను మూడు నెలలకోసారి పగటి పూట వచ్చి కొలుచుకుని పోతున్నాను కాబట్టి మొదటి ఏడాది ఇది నా కంటపడలేదు. బహుశా అప్పుడూ ఉండే ఉంటుంది.

ట్యాంకర్ల బోరు నీళ్లు, దాని పక్కన కాలనీలో ఐదు ఇళ్ల బోర్లు పరీక్షించాం. ఒక ఇంట్లో పెద్దావిడ నేను సీసా మీద రాస్తుంటే అడిగింది. "బాబూ, తాగడానికి మాకు మంజీరా నీళ్లు వస్తాయి. ఇవి గిన్నెలకీ బట్టలకీ. వాడుకోవచ్చా?" ఫలితం వచ్చేదాకా ఏమీ చెప్పలేనని అనడం సులువు. ఆమె గిన్నెలు ఆగవు కదా. ఊదా పరీక్ష అక్కడే చేసి చూపించాను. గొట్టం తెల్లగానే ఉంది. "ఇప్పటికి వాడుకోండి అమ్మా, ల్యాబు కాగితం వచ్చాక నేనే వచ్చి చెబుతాను" అన్నాను. ఐదు ఇళ్లలోనూ దొరకలేదు. ట్యాంకర్ల బోరులో 0.02 వచ్చింది. ప్రమాణం లోపే, కానీ సున్నా కాదు. ఆ కాగితం మరుసటి రోజే సంబంధిత అధికారులకు చేర్చాం, ఆ వేసవి మిగిలిన రోజులు ఆ బోరు ఆగింది. కాలనీకి వెళ్లి పెద్దావిడకు కాగితం చూపించాను. చదివించుకుని, "మరి మే నెలలో మళ్లీ వస్తావా?" అంది. వెళ్లాను.

ఇప్పుడు

మూడో ఏడాది ఫిబ్రవరిలో 4వ నంబరు 0.03. ఆరో నంబరులో ఏడాదిగా దొరకడం లేదు. 5వ నంబరు మొండిగా 0.09 దగ్గర కూర్చుంది. పగుళ్లలోంచి నీళ్లు నింపాదిగా నడుస్తాయి, రాతి పక్కన ఇంకినది తిరిగి బయటికి రావడానికి దానికి తొందరేమీ లేదు. 2వ నంబరులో ఆ 1.2 నుంచి ఇంకా తగ్గి 0.05 లోపుకు దిగిన క్రోమియం-6, మొలాసిస్ ఆపిన నాలుగు నెలలకు 0.21కి మళ్లీ లేచింది. యజమాని మూడేళ్ల ఒప్పందం ముగుస్తోంది కాబట్టి బోర్లు మూసేద్దామంటున్నారు. 2025 జులైలో కేంద్రం తెచ్చిన కలుషిత స్థలాల నియమాల తర్వాత ఇలాంటి స్థలాల లెక్క అడిగేవాళ్లు పెరుగుతారని, మూసిన బోరు మళ్లీ తెరవడానికి ఇప్పటి ఖర్చు కంటే ఎక్కువవుతుందని చెప్పాను. నా అసలు కారణం మాత్రం 2వ నంబరు. అది లేచి ఎక్కడ ఆగుతుందో ఇంకా తెలియదు. కనీసం రెండు వేసవులు, రెండు వానాకాలాలు మందు లేకుండా చూడాలని రాసి ఇచ్చాను. ఒక వేసవికి ఒప్పుకున్నారు.

1వ నంబరు తాళం తుప్పు పట్టి పోయిన నెల తెరుచుకోలేదు. కొత్త తాళం వేయించి, లాగరులో బ్యాటరీ మార్చి, గంటకోసారి కాకుండా పదిహేను నిమిషాలకోసారి కొలిచేలా పెట్టి వచ్చాను. ట్యాంకర్లు మొదలైతే ఈసారి మొదటి రాత్రే తెలుస్తుంది.